నంబరు చెబితేనే దిగుతానన్న గౌరి

2023లో వానలు వెనక్కి తగ్గి, పొద్దుటిపూట ఖరగ్‌పూర్ జనం ట్రంకు పెట్టెల్లోంచి స్వెట్టర్లు బయటికి తీస్తున్న రోజులవి. నా వృత్తికి అదే సీజను. కొండవాగుల్లో నీళ్లు మనిషిని లాగేసేంత జోరుగా ఉండవు, అలాగని జలపాతం ఎండిపోయి బోసిగానూ ఉండదు. శని, ఆదివారాలు నేను ఇంట్లో ఉండను. ఆదివారం ఆరాధనకు రావడం లేదని మా పాస్టరు గారికి నా మీద కొంచెం కినుక.

నా పని మనుషుల్ని తాళ్ల మీద దింపడం. ఊరికే ఇంతవరకే చెబితే చర్చికి కొత్తగా వచ్చినవాళ్లు కొంచెం దూరం జరిగి కూర్చుంటారు, అందుకని వివరంగా చెప్పాలి. కొండ అంచున గట్టి బండకో చెట్టుకో తాడు కట్టి, నడుముకీ తొడలకీ పట్టీలు బిగించుకుని, ఆ పట్టీలకు తగిలించిన లోహపు బిళ్లలోంచి తాడును వదులుతూ మెల్లగా కిందికి దిగడాన్ని రాపెల్ అంటారు. పట్టీలు హార్నెస్, తాడు కట్టిన చోటు యాంకర్. కుడిచేయి బ్రేకు. ఆ చేయి వదిలితే ఏమవుతుందని అందరూ అడుగుతారు. అందుకే కింద ఒక మనిషి తాడు చివర పట్టుకుని నిలబడతాడు. పైవాళ్ల చేయి జారిందా, అతను ఆ చివరను గట్టిగా లాగితే చాలు, తాడు బిగిసి మనిషి ఉన్నచోటే ఆగిపోతారు. దీన్ని బాటమ్ బిలే అంటారు. నా జట్టులో ఆ పని తపన్‌దాది, మేమంతా దాదా అని పిలిచే బెంగాలీ ఆయన. పది మాటలకు ఒక మాట జవాబిస్తాడు, తాడు మాత్రం వదలడు.

ప్రేమ్ బజార్‌లో తాళ్లు దాచుకునే చిన్న గది ఒకటి ఉంది నాకు. గౌరి నన్ను వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లుంటాయి. రైల్వేవాళ్లిచ్చే బరువైన బూట్లు వేసుకుని సైకిలు దిగింది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. నమస్కారం, కుశలప్రశ్న ఏమీ లేకుండా మొదలుపెట్టింది.

"అక్కా, ఎత్తంటే బయం పోగొడతావంట గదా. నాకు పోగొట్టాల."

"తొందరేమిటి? రైలు వెళ్లిపోతోందా?"

"ఎల్లిపోతాదక్కా. అందుకే వచ్చినాను."

వాళ్ల నాన్న రైలు పట్టాల పైన ఉండే కరెంటు తీగల మీద పనిచేసేవాడు. గుండెపోటుతో పోయాడు. ఆయన ఉద్యోగం బదులు గౌరికి అదే విభాగంలో హెల్పరు పని వచ్చింది. టవర్ వ్యాగన్ అని ఒక చిన్న రైలుబండి ఉంటుంది. నిచ్చెన మీదుగా దాని కప్పు మీదున్న అరుగు ఎక్కి తీగలు సరిచేస్తారు. చేరి నెలలు గడిచినా గౌరి ఆ నిచ్చెన ఎక్కలేకపోయింది. సగంలో కాళ్లు కదలవు, అంతే. సూపర్‌వైజరు మంచాయనే. కొత్త సంవత్సరం దాకా చూస్తానని, అప్పటికీ కాకపోతే ఆఫీసులో ఫైళ్లు మోసే పనికి మార్పిస్తానని చెప్పాడు.

"అదేం చెడ్డ పని కాదే. ఫ్యాను కింద పని" అన్నాను.

"సెడ్డదని నానన్నేదక్కా. మా నాన్న లైను మీద సేసినాడు. నాకూ లైనే కావాల."

ఆ మాట అన్న తీరు నాకు నచ్చింది. నిమ్‌పురా వైపు వాడకంలో లేని పాత నీళ్ల ట్యాంకు ఒకటుంది, అనుమతి తీసుకుని దాని మీద శిక్షణ ఇస్తుంటాను. గౌరిని అక్కడికి తీసుకెళ్లాను. మొదటిరోజే బెదురు లేకుండా దిగింది. దిగే ముందు ముడిని వేలితో తడిమి చూసేది, యాంకరు లాగి చూసేది, తర్వాత తొంగి కింద తపన్‌దా వైపు చూసేది. ఇంత జాగ్రత్త కాలేజీ పిల్లలకు చచ్చినా రాదు. నాలుగు ఆదివారాల్లో నా కన్నా చక్కగా దిగడం మొదలుపెట్టింది, నా బోధన అంత గొప్పదని నేను మురిసిపోయాను.

డిపోలో మాత్రం నిచ్చెన దగ్గర మళ్లీ అదే కథ. ట్యాంకు మీంచి ఆడుతూ పాడుతూ దిగే పిల్ల అంతకన్నా తక్కువ ఎత్తున్న వ్యాగన్ ఎక్కలేకపోవడం నాకు అంతుపట్టలేదు. పెద్ద భయం చూస్తే చిన్న భయం చిన్నదైపోతుందనే పాత లెక్క వేసి, జార్ఖండ్ సరిహద్దు కొండల్లో మేము వెళ్లే వాగుకు రమ్మన్నాను. ఇరుకైన లోయలో మూడు జలపాతాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎక్కువ పొడవు లేదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి బయటపడతాం.

వెళ్లే ముందురోజు సాయంత్రం వాళ్లమ్మ అప్పలనరసమ్మ గారు మా క్వార్టర్‌కు వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మా సుజాతా, నీకో మాట సెప్పాల. రేపు దాన్ని బాగా బయపెట్టీ."

నేను సరిగా విన్నానా అనుకున్నాను.

"బయపెట్టెమ్మా. మళ్లీ నిచ్చెన జోలికి పోకుండా. ఆపీసు పనిలో సేరిపోతాది, నా పేణం కుదుటపడతాది."

"పిన్నీ, పిల్లకి ఆ పనే ఇష్టం గదా."

"దానికేం తెలుసు ఇష్టం. సైరను మోగితే నీకు ఏటౌతాది సెప్పు?"

రైల్వే ఊళ్లో పుట్టినవాళ్లకు ఆ ప్రశ్న విడమర్చి చెప్పక్కర్లేదు. ఎక్కడైనా ప్రమాదం జరిగితే సహాయ బండి బయల్దేరడానికి షెడ్డు సైరను మోగుతుంది. ప్రమాదం ఊళ్లోనా బయటా అన్నది మోతల లెక్కను బట్టే తెలుస్తుంది, అందుకే ఎన్నిసార్లు మోగిందో కాలనీ అంతా ఉన్నచోటే ఆగి లెక్కపెడుతుంది. మా నాన్న వర్క్‌షాపులో ఉండేవాడు కాబట్టి మా ఇంట్లో ఆ లెక్క తొందరగా ముగిసేది. లైను మీద పనిచేసే వాళ్ల ఇళ్లలో అలా కాదు.

"ఆయన లైను మీదుంటే పొయ్యి ఆపీసి గుమ్మంలో నిలబడేదాన్ని. సైకిలు బెల్లు ఇనబడేదాకా. అన్నేళ్లు నిలబడినాను. మళ్లీ దీనికోసం నిలబడే ఓపిక నాకు నేదు."

పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో చెప్పాను. రేపు మీరూ రండి, కింద మడుగు దగ్గర కూర్చుని చూడండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ రాత్రి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు.

తెల్లారగట్ట లోకలెక్కి, అక్కడి నుంచి జీపులో కొండ దగ్గరికి చేరాం. మాతో కాలేజీ కుర్రాళ్లు నలుగురున్నారు. అప్పలనరసమ్మ గారు ఒక సంచీ నిండా పులిహోర, వేయించిన మిరపకాయలు తెచ్చారు. జీపువాడు ఆమెను కింది దారిలో రెండో జలపాతం పడే మడుగు దగ్గరికి తీసుకెళ్లాడు. మేము పైకి నడిచాం.

ఇలాంటి లోయ గురించి ఒక సంగతి చెప్పాలి. మొదటి జలపాతం దిగాక, తర్వాతి దానికి కావాలి కాబట్టి పైనున్న తాడును కిందికి లాగేసుకుంటాం. తాడు లాగేశాక వెనక్కి దారి లేదు, రెండువైపులా నిలువు బండలు. అందుకే లాగే ముందు ప్రతి ఒక్కరినీ అడుగుతాను, వెనక్కి వెళ్లేవాళ్లు ఇప్పుడే చెప్పండని. గౌరినీ అడిగాను. "లాగీ అక్కా" అంది. మొదటిది ఏటవాలు బండ, పిల్లలు జారుడుబల్ల ఆడినట్టే దిగాం.

రెండోది అసలైనది. మూడంతస్తుల మేడంత ఎత్తు. నీళ్లు కుడిపక్క దూకుతుంటాయి, మనం ఎడమపక్క పాచిపట్టిన బండ మీద దిగాలి. బండ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి అంచున నిలబడితే కింద ఏముందో కనబడదు. నీటి హోరుకు పక్కమనిషి మాటే సగం వినబడదు. తపన్‌దా ముందు దిగాడు. దిగి నాలుగు ఈలలు వేశాడు. తాడు ఖాళీ, నేను సిద్ధం అని దానర్థం. కుర్రాళ్లు ఒక్కొక్కరే దిగిపోయారు. పైన నేనూ గౌరీ మిగిలాం.

"కింద తపన్‌దా పట్టుకున్నాడు. అంతా బాగుంది, దిగు" అన్నాను.

గౌరి అంచు దాకా వచ్చింది. ముడి తడిమింది, యాంకరు లాగి చూసింది. వెనక్కి వాలాల్సిన చోట ఆగిపోయింది. ముఖం పాలిపోలేదు, చేతులు వణకలేదు. కాళ్లు కదల్లేదు, అంతే.

"గౌరీ, దిగమ్మా."

ఆ మాటకు ఇంకా బిగుసుకుపోయింది. మరోసారి చెప్పాను, కొంచెం గట్టిగానే చెప్పాను, నా నోరు మంచిది కాదని మా అమ్మే అంటుంది. లాభం లేకపోయింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అక్షరాలా అలా ఉంది మా పరిస్థితి. వెనక్కి పంపడానికి తాడు లేదు.

దారి లేక కాదు. యాంకరు దగ్గర తాడును వదులు చేయగలిగేలా కట్టే పద్ధతి ఉంది, దిగలేని మనిషిని పైనుంచి నేనే మెల్లగా కిందికి వదలొచ్చు. ప్రమాదమేమీ లేదు. ఎంతోమందిని అలా దింపాను. అది చేస్తే వాళ్లమ్మ కోరింది నేను వేలు కదపకుండానే జరిగిపోతుంది. మడుగు దగ్గర కూర్చున్న తల్లి కళ్ల ముందు కూతురు అలా వేలాడుతూ దిగితే, ఇక నిచ్చెన మాట ఎత్తదు. ఆ సంగతి నాకు తెలుసు, గౌరికీ తెలుసు.

"కళ్లు మూసుకో, నేను దింపేస్తాను" అన్నాను చివరికి.

"సిమెంటు బస్తా దింపినట్టా అక్కా?"

 దింపే ఆలోచన వదిలేసి, ఆమెను అంచు నుంచి రెండడుగులు లోపలికి లాగి, యాంకరుకు క్లిప్పు చేసి పక్కన కూర్చోబెట్టాను. మొదటిరోజే అడగాల్సిన మాట అప్పుడు అడిగాను.

"గౌరీ, ఎత్తంటే నీకు భయం లేదు. ట్యాంకు మీద చూశాను. మరి నీకు భయమేమిటి?"

గౌరి నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"రైల్వేలో సేరకముందు ఇంకో ఊర్లో ఒక కాంట్రాక్టరు కాడ కరెంటు స్తంబాల పని సేసినాను. ఒకరోజు లైను ఆపీసినారు ఎక్కండి అని కిందనుంచి కేకేసినారు. నా ముందు ఒకన్న ఎక్కినాడు. ఎనకాల నాను. ఆపనేదక్కా. ఆ అన్న సెయ్యి కాలిపోయింది. బతికినాడు. నాను నిచ్చెన మీదే ఉన్నాను, అంతా సూసినాను."

"ఇక్కడ రైల్వేలో?"

"ఇక్కడ పద్దతిగానే సేస్తారు. కంట్రోలోళ్లు కరెంటు ఆపితే నంబరు సెప్తారు. ఆ నంబరు మా సారు తిరిగి సదవాల. నంబరు నేకపోతే లైను ఆపినా ఆపనట్టే లెక్క. అయితే ఆ నంబరు సారు ఇంటారు. నాకు ఇనబడీది ఎక్కమ్మా అన్న మాటే. అది ఇంటే కాళ్లు రావు."

"ట్యాంకు దగ్గర వచ్చాయి గదా."

"అక్కడ తాడు దాదా సేతిలో ఉన్నట్టు కనబడీది. ఇక్కడ కనబడదు. నువ్వు సెప్తన్నావు, అంతే."

 ఇన్ని వారాలు నేను వైద్యం చేసింది ఆమెకు లేని జబ్బుకు. బండ అంచున నిలబెట్టి నేనన్న ప్రతి 'దిగమ్మా'కూ ఆ అన్న చెయ్యి ఆమెకు కనబడుతూ వచ్చింది.

ఈ తాళ్ల పనిలో ఈలతో సరిపెట్టుకుంటాం గానీ, తడవకుండా సంచీలో చుట్టిన వాకీటాకీ ఒకటి నా దగ్గర, ఒకటి తపన్‌దా దగ్గర అత్యవసరానికి ఉంటాయి. తీసి గౌరి చేతిలో పెట్టాను.

"నువ్వే అడుగు. నంబరు నాకు చెప్పొద్దు, నీకే చెబుతాడు."

ఆమె నావైపు ఒక్క క్షణం చూసి, బటను నొక్కి బెంగాలీలో అడిగింది. తాడు నీ చేతిలో ఉందా దాదా, ఉంటే ఒక నంబరు చెప్పు అని. 

"కీ నంబర్? లాటరీ నాకి?" అన్నాడు తపన్‌దా, ఏం నంబరు, లాటరీయా ఏమిటి అని.

గౌరికి నవ్వొచ్చింది. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వడం. నవ్వు ఆపుకుని, లాటరీ కాదు, తాడు పట్టుకున్న మనిషి ఇచ్చే నంబరు, నేను తిరిగి చెబితేనే దిగుతాను అంది. తపన్‌దాకు అర్థమైంది. ముప్పయ్యేళ్లు రైల్వే ఊళ్లో టీ తాగినవాడికి నంబరు విలువ ఎందుకు తెలియదు.

"దొడి ఆమార్ హాతే. సాత్‌చొల్లిశ్."

"తాడు నీ సేతిలో. నలభై ఏడు. ఫోర్, సెవెన్" అని గౌరి బెంగాలీలోనే తిరిగి చెప్పింది. మరుక్షణం కిందనుంచి తాడు ఒకసారి బిగిసి వదులైంది. ఆ బిగువు ఆమె నడుము పట్టీకి తగిలింది. వాకీటాకీ నాకిచ్చి, ముడి మళ్లీ తడిమి, వెనక్కి వాలింది. ఆ నంబరు ఎక్కడిదని తర్వాత తపన్‌దాను అడిగితే అది వాళ్లావిడ వయసట, ఆమెకు చెప్పొద్దని నన్ను బతిమాలాడు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే నేనూ తేలిగ్గా రాసేద్దును. పొడుచుకొచ్చిన బండ దాటే చోట ఆమె ఎడమకాలు పాచి మీద జారింది. మోకాలు బండకు కొట్టుకుంది. ఆ నొప్పికి కుడిచేయి తాడును వదిలేసింది. పైనుంచి నాకు కనబడింది ఒక్కసారిగా తాడు గిలగిలా ఊగడం, అంతే. కింద నుంచి తల్లి కేక హోరును దాటుకుని పైకి వచ్చింది. తర్వాత తాడు తీగలా బిగిసి నిలబడింది. గౌరి ఆగిపోయింది, ఎక్కడున్నదక్కడే. తపన్‌దా కాళ్లు ఇసుకలో దిగేసి, వెనక్కి పడిపోయేంత వాలి పట్టుకున్నాడని కుర్రాళ్లు తర్వాత చెప్పారు.

నేను వాకీటాకీ అందుకునేలోపే కిందనుంచి గౌరి గొంతు వినబడింది. తనే అరిచి చెబుతోంది.

"ఆగినానక్కా. పట్టుకున్నాడు."

మిగిలింది ఆమే దిగింది. ఎవరూ ఏమీ చెప్పలేదు.

నేను దిగేసరికి అప్పలనరసమ్మ గారు నీళ్లలో మోకాలి లోతున నిలబడి ఉన్నారు, చీర తడిసిపోయింది. కూతురి మోకాలు చూశారు, కొంగుతో తల తుడిచారు. తర్వాత తపన్‌దా దగ్గరికి వెళ్లి అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"ధొరే రేఖేఛిలే, బాబా" అన్నారు. పట్టుకునే ఉన్నావు నాయనా అని. 

మూడో జలపాతం చిన్నది, దాన్ని అందరూ నవ్వుకుంటూ దిగారు. పులిహోర తినేటప్పుడు ఆ తల్లి గౌరిని అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"అక్కడ వ్యాగను కాడా ఇలగ పట్టుకునోడు ఉంటాడేటి?"

"ఉంటాడమ్మా. కంట్రోల్లో కూకుంటాడు. కనబడడు."

"మరి నీకెలగ తెలుస్తాది?"

"అడగాల" అంది గౌరి.

ఆ తల్లి నా విస్తట్లో అడగకుండానే ఇంకో గరిటె పులిహోర వేశారు. భయపెట్టమన్న మాట మళ్లీ నా దగ్గర ఎత్తలేదు.

గౌరి అడిగింది. తర్వాతి వారం సూపర్‌వైజరుతో మాట్లాడింది, నంబరు తీసుకునేటప్పుడు పక్కన నిలబడనివ్వమంది. ఆయన ముందు నవ్వాడట, తర్వాత ఫోను స్పీకరులో పెట్టాడట. కంట్రోలు నంబరు చెప్పింది, ఆయన తిరిగి చదివాడు, గౌరి నోట్లోనే పలుక్కుంది. కరెంటు ఆపాక కూడా తీగను భూమికి కలిపే ఒక పొడవాటి కర్ర తగిలిస్తారు, పొరపాటున మిగిలిన కరెంటు అందులోంచి పోవడానికి. ఆ కర్ర తగిలించేటప్పుడు ఒక చెయ్యి తనూ వేస్తానంది. వేసింది. అప్పుడు నిచ్చెన ఎక్కింది.

సాయంత్రం ఇంటికి వెళ్లాక నాకు ఫోను చేసింది. ఎలా ఉంది పైన అని అడిగాను. "గాలి బాగుందక్కా" అంది. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత ఫోను వాళ్లమ్మ లాక్కుంది. పొద్దున పనికెళ్లే ముందు కూతురు ఒక మాటిచ్చిందట. నంబరు విన్నాక ఒకసారి, దిగాక ఒకసారి మిస్డ్ కాల్ ఇస్తానని. రెండూ వచ్చాయట. "ఈరోజు గుమ్మంలో నిలబడనేదమ్మా, బియ్యం ఏరుకుంటా కూకున్నాను" అన్నారు.

ఈ వృత్తిలో నాలాంటివాళ్లు రోజుకు వందసార్లు అనే మాట 'భయపడకు, నేనున్నాను'. గౌరి తర్వాత ఆ మాట నేను మానేశాను. అంచు దగ్గర ఎవరైనా ఆగిపోతే, ఏం చూపిస్తే దిగుతావని అడుగుతాను. ఒకరు ముడి చూపించమంటారు, ఒకరు కింది మనిషి గొంతు వినాలంటారు, మొన్నొక పెద్దాయన నా వయసెంతో చెప్పమన్నాడు. చెప్పాను. దిగాడు.